తగిన దుస్తులు

ఆ అరబ్బు దేశపు విమానాశ్రయంలో, టికెట్లు చూసే కౌంటరు పక్కన స్టాండుకు తగిలించిన బోర్డు మీద ఇంగ్లీషులో ఒకసారి, అరబ్బీలో ఒకసారి ఒకే మాట రాసి ఉండేది. ప్రయాణికులు తగిన దుస్తుల్లో రావాలని. దాని కింద చిన్న అక్షరాల్లో లుంగీలు, బనియన్లు, రాత్రిపూట వేసుకునే బట్టలు, రబ్బరు చెప్పులు పనికిరావని. బొంబాయి విమానానికి వరుసలో నిలబడేవాళ్ళలో చాలామందికి ఆ రెండు భాషలూ చదవడం రాదు. అందుకని బోర్డు చెప్పాల్సిన మాట కుతుబుద్దీన్ చెప్పేవాడు.

అతనిది జగిత్యాల. తెలుగు, ఉర్దూ ఇంట్లోనే వచ్చాయి. హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ ఉద్యోగంలో పట్టుబడ్డాయి. మలయాళం, తమిళం వరుసలో నిలబడ్డవాళ్ళ దగ్గర ఏరుకున్నాడు. "ప్యాంటు ఉందా? వేసుకుని రా" అన్న మాట అతను ఇన్ని భాషల్లోనూ తడుముకోకుండా చెప్పగలడు. వాటిలో ఒకటి రెండు భాషల్లో అతనికి అంతకుమించి ఒక్క ముక్క రాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాట చెప్పాల్సి వస్తే నొచ్చుకుంటూ, నాలుగు మాటలు అటూ ఇటూ కలిపి చెప్పేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ మాటలు తగ్గాయి. ఇప్పుడు టికెట్టు మీంచి తల ఎత్తకుండానే, కౌంటరు అంచు మీదుగా కనిపించే నడుము దగ్గర గళ్ళ గుడ్డ చూసి చెప్పేసేవాడు. మనుషులు పక్కకు పోయి, తాళ్ళతో బిగించి కట్టుకున్న అట్టపెట్టెలు విప్పుకుని, స్తంభం చాటున లుంగీ మీదే ప్యాంటు ఎక్కించుకుని వచ్చేవారు. ప్యాంటు లేనివాడికి సాగనంపడానికి వచ్చిన స్నేహితుడు తన ప్యాంటు విప్పి ఇచ్చి, ప్రయాణికుడి లుంగీ తాను చుట్టుకుని పనివాళ్ళ క్యాంపుకు తిరిగి వెళ్ళేవాడు. అలాంటివి చూసి కుతుబుద్దీన్ మొదట్లో ఇంటికి వెళ్ళి భార్య జకియాకు చెప్పి నవ్వించేవాడు. తర్వాత చెప్పడం మానేశాడు. ఆమె అడగడమూ మానేసింది. నయీమ్ పేటలోని ఆ ఒంటిగది ఇంట్లో అతను డ్యూటీ నుంచి వచ్చి, టై విప్పి మేకుకు తగిలించి, గోడకు వీపు ఆనించి కూర్చుంటే చాలాసేపు మాట పెగిలేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం విమానానికి భీమరాజు వచ్చాడు.

యాభై దాటిన మనిషి. నెరిసిన జుట్టును నూనె రాసి వెనక్కి దువ్వుకున్నాడు. తెల్లటి పూర్తి చేతుల చొక్కా, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన జరీ అంచు పంచె, భుజం మీద మడత నలగని కండువా. పెళ్ళిలో పెద్దమనిషిలా ఉన్నాడు. కుడికాలికి బూటు ఉంది. ఎడమకాలు మాత్రం పాదం నుంచి మోకాలి దాకా కట్టుతో లావుగా దిండులా ఉంది. పంచె కుచ్చెళ్ళు దానికి తగలకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి పక్కనున్న మనిషి భుజం మీద వేసి, కుంటుకుంటూ నడుస్తున్నాడు. పక్కనున్నతను రామ్‌ప్రసాద్. మామీర్ క్యాంపులో భీమరాజుతో ఒకే గదిలో ఉండే వెల్డరు. సాగనంపడానికి సగం పూట సెలవు పెట్టి వచ్చాడు.

కుతుబుద్దీన్ పాస్‌పోర్టు తీసుకుని తెరిచాడు. తూర్పు గోదావరి జిల్లా అని చూసి తెలుగులో అడిగాడు.

"కాలుకేమైంది కాకా?"

తెలుగు వినగానే భీమరాజు మొహం విప్పారింది. "తారండీ బాబూ. ట్యాంకు మీద పని చేస్తంటే మరుగుతున్న తారు తొణికి పడింది. ఆసుపత్రిలో పడుకోబెట్టారు కొన్నాళ్ళు. ఇంక డ్యూటీకి పనికిరాననేశారు. ఖలాస్ చేసుకుని వెళ్ళిపోతున్నానండి."

"మళ్ళ రావా?"

"ఎందుకండీ ఇంక. చాలు."

కుతుబుద్దీన్ పెట్టె తూకం వేశాడు. చీటీ కట్టాడు. పంచె చూడనట్టే ఉన్నాడు. ఈయన కాలు చూస్తే ఎవరూ ఏమీ అనరులే అనుకున్నాడు. పెట్టె బెల్టు మీద కదిలే సమయానికి వెనక అద్దాల గది తలుపు తెరుచుకున్న చప్పుడు అయింది.

రాజేంద్ర బయటికి వచ్చాడు. అతను డ్యూటీ మేనేజరు. నాగపూర్ వైపు మనిషి. అంతకుముందు శీతాకాలంలో విమానంలో ముందు తరగతిలో కూర్చున్న ఎవరో పెద్దమనిషి, లుంగీ కట్టుకున్న ఒకతను కాళ్ళు సీటు మీద పెట్టుకుని కూర్చున్నాడని హెడ్డాఫీసుకు ఫిర్యాదు రాశాడట. పైనుంచి రాజేంద్రకు గట్టిగా తాఖీదు వచ్చింది. అప్పటినుంచి బొంబాయి విమానం ఉన్నప్పుడల్లా అతను గదిలో కూర్చోలేకపోయేవాడు. వరుస వెంట నడుస్తూ మనుషుల నడుముల కిందికి చూసేవాడు.

"కుతుబ్, ఇదేమిటి?" అన్నాడు హిందీలో.

"కాలు కాలింది సాబ్. కట్టు మీద ప్యాంటు ఎక్కదు."

"ప్రయత్నించాడా?"

"చూస్తేనే తెలుస్తుంది కదా సాబ్."

"ప్రయత్నించమను. పోయిన నెల నువ్వే ఒకణ్ణి వదిలావు. నేను చూశాను. అనలేదు." రాజేంద్ర గొంతులో కోపం లేదు. చాలాసార్లు చెప్పి అరిగిపోయిన మాటలా ఉంది. "ఇవాళ ఇతన్ని వదిలితే రేపు ప్రతివాడూ కాలికి గుడ్డ చుట్టుకుని వస్తాడు."

కుతుబుద్దీన్ బెల్టు ఆపి పెట్టె వెనక్కి లాగాడు. భీమరాజు వైపు తిరిగి, ఈసారి మొహం చూసే చెప్పాడు.

"కాకా, పంచె నడవదంట. పెట్టెల ప్యాంటు ఉంటే జెర తొడుక్కొని రా."

భీమరాజుకు మొదట అర్థం కాలేదు. తన పంచె వైపు చూసుకున్నాడు. ఎక్కడైనా మరక అంటిందేమోనని అంచు తిప్పి కూడా చూశాడు.

"బాగానే ఉంది కదండీ బాబూ? నిన్ననే గంజి పెట్టించాను."

"బాగలేదని కాదు. పంచెలు, లుంగీలు బంద్ జేసిన్రు."

"లుంగీ కాదండీ ఇది." భీమరాజు నొచ్చుకున్నట్టు అన్నాడు. "లుంగీ కట్టుకుని బయలుదేరతానేంటండీ ప్రయాణానికి? వచ్చేటప్పుడు ఏజెంటు ఎవరిదో ప్యాంటు తొడిగి పంపాడు. వెళ్ళేటప్పుడన్నా నా బట్టల్లో వెళ్దామని కట్టుకున్నానండి."

రామ్‌ప్రసాద్ కలగజేసుకున్నాడు. "భాయ్, డాక్టరు కాలికి గుడ్డ ఒరుసుకోకూడదన్నాడు. పంచె అయితే ఎత్తి పట్టుకోవచ్చని నేనే కట్టుకోమన్నా. కాయితం కూడా ఉంది."

కాయితం చూపించినా రాజేంద్ర చదవలేదు. చేత్తో మరుగుదొడ్ల వైపు చూపించి, వరుసలో వెనక నిలబడ్డవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ పెట్టె తెరిచి, గోధుమరంగు ప్యాంటు ఒకటి తీసుకుని వెళ్ళారు. కుతుబుద్దీన్ వెనకున్న వాళ్ళను పిలవసాగాడు. ఒక కుటుంబం, తర్వాత ఇద్దరు మలయాళీ నర్సులు, ఆ తర్వాత ఎర్రగా కాలిన ముఖంతో ఒక తెల్లవాడు. భుజానికి చిన్న సంచి. పూలపూల చొక్కా గుండీలు సగం వరకే పెట్టుకున్నాడు. మోకాళ్ళ పైకి ఉన్న నిక్కరు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. ఏదో చమురు కంపెనీలో సలహాదారు. నెలకోసారి బొంబాయి వెళ్ళి వస్తుంటాడు. కుతుబుద్దీన్‌ను పేరుపెట్టి పలకరించాడు. ఎండలు ఎలా ఉన్నాయని అడిగాడు. మంచి మనిషి. కుతుబుద్దీన్ అలవాటుగా అతనికి కిటికీ పక్కన సీటు వేశాడు.

బోర్డింగ్ పాసు అందిస్తుండగా అతని మోకాళ్ళు కనిపించాయి. ఎన్నో నెలలుగా కనిపిస్తున్న మోకాళ్ళే. బంగారు రంగు వెంట్రుకలు, ఒక పాత గాయం మచ్చ. వాటిని కుతుబుద్దీన్ ఇంతవరకూ చూడనే లేదు. చూడవలసినవిగా తోచలేదు. బోర్డు మీద లుంగీ అని రాసి ఉంది కనుక కళ్ళు గళ్ళగుడ్డ కోసం వెతికేవి.

రాజేంద్ర వచ్చి ఆ తెల్లవాడితో చెయ్యి కలిపి, రెండు మాటలు మాట్లాడి పంపించాడు.

అప్పుడే రామ్‌ప్రసాద్ తిరిగి వచ్చాడు. అతని వెనక భీమరాజు, మళ్ళీ పంచెలోనే. మొహమంతా చెమట. పెదవులు బిగబట్టుకున్నాడు. కట్టు మీద కొత్తగా ఎర్రటి చెమ్మ పూసింది.

"పిక్క దగ్గరే ఆగిపోయింది భాయ్," అన్నాడు రామ్‌ప్రసాద్. "లాగితే గాజుగుడ్డతో పాటు చర్మం లేచి వస్తోంది. ఈయన కేకెయ్యకుండా గోడకి తల ఆనించుకుని నిలబడిపోయాడు. ఇంక నేను లాగను. మీరే రండి, లాగుదురు గానీ."

కుతుబుద్దీన్ కౌంటరు వదిలి రాజేంద్ర దగ్గరికి వెళ్ళాడు.

"ఎక్కలేదు సాబ్. రక్తం వస్తోంది."

"అయితే మానాక వెళ్ళమను. టికెట్టు మార్చి ఇద్దాం."

"వీసా రద్దు చేసేశారు. ఆగడానికి లేదు."

"నేనేం చేసేది కుతుబ్?"

"ఇప్పుడు వెళ్ళినాయన నిక్కరులో ఉన్నాడు సాబ్. రబ్బరు చెప్పులు కూడా."

రాజేంద్ర అతనికేసి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "ఆయన మాటేమిటి ఇప్పుడు? ఆయన నెలనెలా మన విమానంలోనే తిరిగే మనిషి. పైగా నిక్కరని బోర్డు మీద లేదు."

"చెప్పులని ఉంది."

"కుతుబ్." అంతే అన్నాడు రాజేంద్ర. గడియారం చూసుకున్నాడు.

కుతుబుద్దీన్‌కు గొడవ పెట్టుకునే ఓపిక లేదు. గొడవ పెట్టుకుంటే ఆ రోజుకు విమానం ఒకటి పోతుంది. పోయేది భీమరాజుకు. అతను నిలబడి నేల చూస్తూ ఆలోచించాడు. నిక్కరని బోర్డు మీద లేదు. ఆ మాటే రెండోసారి అనుకున్నాడు. తర్వాత గబగబా అట్టపెట్టెలకు తాళ్ళు కట్టే మనిషి దగ్గరికి వెళ్ళి కత్తెర అడిగి తెచ్చాడు.

"కాకా, ఆ ప్యాంటు ఇట్లియ్యి. మోకాలి మీదికి కోస్త. నిక్కరు అయితది. కాలుకు తాకదు."

భీమరాజు వెనక్కి జరిగాడు. "నిక్కరా?"

"అవ్ కాకా. నిక్కరుకు అడ్డం లేదు."

"నేనండీ? నిక్కరేసుకుని?" చుట్టూ చూశాడు. వరుసలో ఆడవాళ్ళున్నారు, పిల్లలున్నారు. "బాబూ, నాకు మనవలున్నారు. మా ఇంట్లో నా మోకాళ్ళు మా కోడళ్ళు కూడా చూళ్ళేదండీ. అంతమందిలో తొడలు కనబడేలా... మీరు ముస్లిములు. ఇలాంటివి నాకంటే మీకే బాగా తెలుస్తాయి."

కుతుబుద్దీన్‌కు తన తండ్రి గుర్తుకొచ్చాడు. ఇంట్లో చన్నీళ్ళ స్నానానికి కూడా మోకాళ్ళ కిందికి లుంగీ కట్టుకుని కూర్చునేవాడు. ఆ మాట చెప్పలేదు.

"తెలుసు కాకా. కానీ వేరే తొవ్వ లేదు. పంచెలో వీళ్ళు ఎక్కనియ్యరు."

"ఒక్క కాలే కత్తిరించండి పోనీ. మంచికాలు నిండుగా ఉంటుంది కదా."

"ఒక్కటే కోస్తే అది నిక్కరు గాదు, ప్యాంటు గాదు. మళ్ళ ఆపుతరు."

రామ్‌ప్రసాద్‌కు ఎక్కడో నవ్వొచ్చింది. నవ్వబోయి, భీమరాజు మొహం చూసి ఆపుకున్నాడు. భీమరాజు కండువాతో మెడ తుడుచుకున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ ఏడవలేదు. బలంగా ఊపిరి వదిలాడు.

"కత్తిరించెయ్యండి బాబూ. నిలబడలేకపోతున్నాను."

కుతుబుద్దీన్ అక్కడే అట్టపెట్టెల మధ్య గొంతుక్కూర్చుని, యూనిఫారం టై భుజం మీదికి విసురుకుని, ప్యాంటును తొడ మీద పరిచి కత్తిరించాడు. తాళ్ళు కోసే మొద్దు కత్తెర. గుడ్డను కొరుకుతున్నట్టు పోయింది. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయ్యాయి. సరిచెయ్యబోతే ఇంకా పొట్టివయ్యాయి. చివర్లు దారాలు వేలాడుతూ ఉన్నాయి.

మరుగుదొడ్డి నుంచి భీమరాజు నిక్కరు తొడుక్కుని వచ్చాడు. పంచె నాలుగు మడతలు పెట్టి రెండు చేతులతో ముందు పట్టుకున్నాడు, గుళ్ళో ప్రసాదం పళ్ళెం పట్టుకున్నట్టు. పైన మాత్రం తెల్లచొక్కా, కండువా అలాగే ఉన్నాయి. ఆ కండువా తీసేస్తే కాస్త నయంగా ఉండేదేమో. తీయమని ఎవరూ అనలేకపోయారు. వరుసలో ఒక పిల్ల వేలు చూపిస్తే తల్లి ఆ చెయ్యి కిందికి నొక్కేసింది.

రాజేంద్ర చూశాడు. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి.

"ఇది బాగుందంటావా కుతుబ్?"

"నిక్కరు సాబ్."

"చూడు, దారాలు వేలాడుతున్నాయి. ముష్టివాడిలా ఉన్నాడు. కంపెనీ పేరు..."

అంతవరకూ కుతుబుద్దీన్ గొంతు పెరగలేదు. ఇప్పుడు పెరిగింది. కేక కాదు గానీ, కౌంటరు ముందున్న నాలుగు వరుసలూ ఇటు తిరిగేంత.

"బోర్డు మీద రాయించండి సాబ్. అంచు కుట్టిన నిక్కరు సరే, కుట్టనిది కాదు అని. తెల్లకాలు సరే, కాలినకాలు కాదు అని. మీరు రాయిస్తే నేను చదువుతాను. తెలుగులో చదువుతాను, అన్ని భాషల్లో చదువుతాను. ఇన్నేళ్ళూ చదువుతూనే ఉన్నాను కదా."

రాజేంద్ర మొహంలో రంగు మారింది. ఏదో అనబోయాడు. పక్క కంపెనీ కౌంటర్లలో వాళ్ళు కూడా చూస్తున్నారు. అతను కళ్ళజోడు తీసి, ముక్కు మీద నొక్కుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ క్షణాన అతను కూడా నిద్రలేని మనిషిలాగే కనిపించాడు.

"వెనక సీటు వెయ్యి. బాగా వెనక," అన్నాడు. "ఏదైనా ఉత్తరం వస్తే నీ పేరే చెప్తాను."

"చెప్పండి సాబ్."

బోర్డింగ్ పాసు చేతికిచ్చాక భీమరాజు రామ్‌ప్రసాద్‌ను కావలించుకున్నాడు. రామ్‌ప్రసాద్ "ఊరెళ్ళాక రెండు రోజులు కాలు కింద పెట్టకు బాబాయ్" అని ఏవేవో జాగ్రత్తలు చెప్పి, కత్తిరించిన ప్యాంటు ముక్కలు రెండూ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అవి ఎందుకు తీసుకెళ్ళాడో మరి.

విమానం దగ్గర కూడా ఆ రోజు కుతుబుద్దీన్‌దే డ్యూటీ. గేటు ముందు కుర్చీలో భీమరాజు పంచెను ఒళ్ళో పరుచుకుని, మోకాళ్ళు కప్పుకుని కూర్చున్నాడు. ఆ వరుస చివరే నిక్కరు దొర పుస్తకం చదువుకుంటున్నాడు. ఒక కాలు రెండో కాలి మీద వేసుకుని, చెప్పును కాలివేలికి తగిలించి ఊపుతున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

కుతుబుద్దీన్ భీమరాజు పక్కకు వెళ్ళి వంగాడు. "ముందే ఎక్కిస్త కాకా, రద్దీల కాలుకు దెబ్బ తాకుతది."

"అలాగే బాబూ." లేవబోయి ఆగాడు. "మీకో మాట చెప్తానండి. ఏమనుకోకండి."

"చెప్పు కాకా."

"ఆపినందుకు కాదండీ బాధ. ఇన్నేళ్ళల్లో ఎన్నిచోట్ల ఆపలేదు? ఆ దొరగార్ని ఆపలేదనీ కాదు. ఆయన దారి ఆయనది. మీరు నా పంచె చూసి, ప్యాంటేసుకుని రమ్మన్నారు చూశారా. అంటే నేను ఒంటి మీద ఏమీ లేకుండా వచ్చినట్టే కదండీ. అదీ ఇక్కడ పట్టుకుంది." రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. "తెలుగోడు అన్నాడు కదా, అందుకని కూడా కావచ్చు."

కుతుబుద్దీన్ "మాఫ్ జెయ్యి కాకా" అన్నాడు. ఆయన చంక కింద చెయ్యి వేసి లేపాడు.

బస్సులోంచి దిగి విమానం మెట్ల దగ్గరికి వెళ్ళేలోపు భీమరాజు ఆగాడు. ఆ వేడిగాలిలో, మెట్లకు కాస్త దూరంలో, మంచికాలి మీద నిలబడి, పంచె విప్పి దులిపి నిక్కరు మీద చుట్టుకున్నాడు. కుచ్చెళ్ళు పోసుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. గాలికి అంచు ఎగిరిపోతుంటే కుతుబుద్దీన్ ఒక కొస పట్టుకున్నాడు. మెట్ల పైనున్న ఎయిర్‌హోస్టెస్ చూసింది. ఏమీ అనలేదు. నమస్కారం పెట్టి లోపలికి దారి చూపించింది. కౌంటరు దాటాక ఆ పంచె ఎవరికీ అడ్డు కాలేదు.

ఇది జరిగిన కొన్ని వారాలకు ఫిర్యాదు వచ్చింది. భీమరాజు బట్టల గురించి కాదు. కౌంటరు దగ్గర ఉద్యోగి గట్టిగా అరిచాడని, నర్సుల వెనక నిలబడ్డ ఎవరో రాశారు. రాజేంద్ర చెప్పినట్టే కుతుబుద్దీన్ పేరు చెప్పాడు. కుతుబుద్దీన్‌ను కౌంటరు నుంచి తీసి కార్గో షెడ్డులో వేశారు.

షెడ్డులో పెట్టెలు, సంచులు, యంత్రాల విడిభాగాలు. మందుల డబ్బాలు, ఒక్కోసారి జింకు పెట్టెలో ఊరికి వెళ్ళే శవం. దేనికీ బట్టల రూలు లేదు. టై కట్టుకోనక్కర్లేదు. అతనికి ప్రాణం తెరిపిన పడ్డట్టయింది. ఇంటికి వచ్చి జకియాతో మాట్లాడడం మొదలుపెట్టాడు.

"శిక్ష వేశారా, బహుమానం ఇచ్చారా నీకు?" అంది జకియా పప్పులో పోపు వేస్తూ. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూలోనే. "మొహం తేటపడింది."

"ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు అక్కడ."

"నీ చోట ఎవరిని వేశారు?"

వేసిన కుర్రాడికి ఇంగ్లీషు, అరబ్బీ తప్ప మరో భాష రాదు. చెడ్డవాడేమీ కాదు. లుంగీ కనబడితే వేలు చూపించి, ఆ వేలు తలుపు వైపు తిప్పేవాడు. పొమ్మన్నాడనుకుని జనం బయటికి పోయి కూర్చునేవారు. ఎందుకు పొమ్మన్నాడో ఒకరినొకరు అడిగి తెలుసుకునేసరికి కౌంటరు మూసేసేవారు. నిజామాబాద్ వాళ్ళు ఇద్దరు అలాగే విమానం తప్పిపోయి, బయట అరుగు మీద పడుకున్నారని షెడ్డులో హమాలీలు చెప్పుకున్నారు. కుతుబుద్దీన్ విన్నాడు. ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు.

"తినవేం?"

"నేనైతే కనీసం ప్యాంటు వేసుకుని రమ్మని చెప్పేవాణ్ణి."

జకియా అతని పళ్ళెం పక్కకు జరిపింది. "మళ్ళీ అక్కడికి వెళ్తానంటావు, అంతేనా? వెళ్ళి మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చుంటావు."

"అంతే కాబోలు."

"వెళ్ళు మరి. వెళ్ళి, వచ్చాక నాకు చెప్పు. బాగున్నవీ చెప్పు, బాగులేనివీ చెప్పు. గోడకు చెప్పుకోకు."

రాజేంద్రను అడిగితే అతను వెంటనే ఒప్పుకున్నాడు. కొత్త కుర్రాడితో గొడవలు ఎక్కువై అతనూ విసిగిపోయి ఉన్నాడు. "అరవకు, అంతే" అన్నాడు.

కుతుబుద్దీన్ తిరిగి వచ్చాక పద్ధతి కొంచెం మార్చాడు. కౌంటరు తెరవక ముందే వరుస వెంట నడిచేవాడు. "అన్నా, ప్యాంటు పెట్టెల కింద పడెయ్యకు, పైన్నే ఉంచుకో", "అక్కా, చెప్పులు మార్చుకునేదుంటే ఇప్పుడే మార్చుకో" అని ముందే చెప్పుకుంటూ పోయేవాడు. దానివల్ల పెట్టెలు అందరి ముందూ విప్పుకునే బాధ కొంత తగ్గింది. ఒకసారి, అదే నడకలో, నిక్కరు వేసుకున్న ఒక తెల్ల యువకుడి దగ్గర కూడా ఆగి, మెల్లగా, బోర్డు చూపించి, "సార్, కంపెనీ వాళ్ళు నిండు బట్టలు కోరుతున్నారు" అన్నాడు. ఆ యువకుడు "అలాగా? నాకెవరూ చెప్పలేదే" అని, సంచిలోంచి ప్యాంటు తీసి, అక్కడికక్కడే నిక్కరు మీదే తొడుక్కుని, థాంక్స్ చెప్పాడు. అంత తేలిగ్గా అయిపోయింది. రాజేంద్ర ఆ సాయంత్రం గదిలోకి పిలిచి, ఇంకోసారి అలాంటి తెలివితేటలు వద్దన్నాడు. కుతుబుద్దీన్ సరేనన్నాడు. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు మళ్ళీ అలాగే చెప్పాడు. చాలాసార్లు చెప్పలేదు. చెప్పే ఓపిక ఉన్న రోజులు తక్కువ.

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం వరుసలో ఒక పెద్దావిడ కనబడింది. చంద్రవ్వ అని పాస్‌పోర్టులో ఉంది. తుబ్లీలో ఎవరింట్లోనో వంటపని. మడమల దాకా ఉన్న పూల నైటీ, దాని మీద తువ్వాలు కప్పుకుంది. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ భార్య వంటింట్లోంచి అలాగే కారెక్కించి తెచ్చి దింపిపోయిందట.

"అవ్వా, పెట్టెల చీర ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా. ఎందుకు?"

"నైటీల పోనియ్యరు. మార్చుకోవాలె."

ఆమె నైటీ వైపు చూసుకుంది. మెడ నుంచి మడమల దాకా, ముంజేతుల దాకా నిండుగా ఉంది. "ఇన్నేండ్లు గిదే తొడుక్కొని వాళ్ళ ఇంట్ల తిరిగిన. ముసలాయన ముంగట, పోరగాండ్ల ముంగట. ఎవ్వలు ఏమనలే. గిది తప్పా కొడుకా?"

"తప్పు కాదవ్వా. రూలు."

"రూలంటే ఏంది మల్ల?"

కుతుబుద్దీన్ వంగి ఆమె పెట్టె పట్టుకుని, ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపు దాకా మోసుకెళ్ళాడు. ఆమె చీర తీసుకుని లోపలికి వెళ్ళింది. అతను బయట పెట్టె పక్కన నిలబడ్డాడు. వరుస పెరుగుతోంది. అద్దాల గది ముందు నుంచి రాజేంద్ర, "కుతుబ్, కౌంటరు ఎవరు చూస్తారు?" అని పిలుస్తున్నాడు. వినబడింది. తలుపు తెరుచుకునే దాకా అతను అక్కణ్ణించి కదల్లేదు.